ఎం-పెసా: ఫోను సంగతి సరే, గల్లా పెట్టె సంగతేంటి?

ఆఫ్రికాలో టెక్నాలజీ అనగానే మన పత్రికల్లో, సదస్సుల్లో ఒకటే కథ వినిపిస్తుంది. బ్యాంకులు లేవు, ల్యాండ్‌లైన్లు లేవు, అయినా కెన్యా ఒక్క గెంతులో మొబైల్ డబ్బులోకి దూకేసింది, దాని పేరు ఎం-పెసా అని. ఈమధ్య డిజిటల్ చెల్లింపుల మీద చదివిన ఒక వ్యాసంలోనూ ఇదే వరస. మంచి యాప్ చేసి పేదవాళ్ల చేతికిస్తే మిగతాది వాళ్లే చూసుకుంటారని రచయిత చివరికి తేల్చేశారు.

ఈ కథతో నాకు పేచీ ఉంది. 2007 మార్చిలో కెన్యా మొబైల్ కంపెనీ సఫారీకామ్ ఎం-పెసాను మొదలుపెట్టినప్పుడు అందులో యాప్ లేదు, ఇంటర్నెట్ లేదు. సిమ్ కార్డులో ఒక మెనూ, ఎస్సెమ్మెస్, నాలుగంకెల పిన్, అంతే. అప్పటికే పాతబడిన సరుకు. లెక్కలన్నీ నడిచే సర్వర్లు 2015 దాకా జర్మనీలో ఉన్నాయి. కెన్యాలో కొత్తగా పుట్టుకొచ్చినదల్లా వీధి చివర ఆకుపచ్చ బోర్డు పెట్టుకున్న చిన్న కొట్టు. పొద్దున షట్టరు ఎత్తేసరికి ఆ కొట్టు గల్లాలో ఎంత నగదు ఉంది, ఏజెంటు ఫోన్లో ఎంత నిల్వ ఉంది అన్న లెక్క మీదే ఆ వ్యవస్థంతా నిలబడింది. దాన్ని వదిలేసి సాఫ్ట్‌వేర్‌ను పొగిడేవాళ్లు ఆ దేశం నుంచి తప్పు పాఠం తెచ్చుకుంటున్నారని నా అభిప్రాయం.

కెన్యాలోనే ఉల్టా ఉదాహరణ ఉంది. 2013 ఎన్నికల్లో ఒకటో తరగతి పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లు ఇస్తామన్నారు. టెండరు గొడవలయ్యాక అవి ట్యాబ్లెట్లుగా మారి 2016 నుంచి బళ్లకు చేరాయి. లక్షల పరికరాలు పంచారు. ఈ పథకం పుణ్యమా అని చాలా బళ్లకు కరెంటు వచ్చింది, అది మాత్రం నిజంగా మంచి పని. కానీ ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి, పాడైతే ఎవరికివ్వాలి, పోతే డబ్బు ఎవరు కట్టాలి అన్నవాటికి జవాబు లేని చోట హెడ్‌మాస్టర్లు వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎవరైనా అదే చేస్తారు. పరికరం ఇచ్చారు, దాన్ని రోజూ నడిపించే మనిషికి ఏం మిగులుతుందో ఆలోచించలేదు.

కౌంటరు దగ్గర జరిగేది

ఊళ్లో ఉన్న అమ్మకు నైరోబి నుంచి కొడుకు 2,000 షిల్లింగులు పంపాలి. ఎం-పెసాకు ముందు ఇది బస్సు కంపెనీ కౌంటర్లో కవరు ఇవ్వడమో, తెలిసిన మటాటు (అక్కడి కిరాయి వ్యాను) డ్రైవరు చేతిలో పెట్టడమో, పోస్టాఫీసుకు వెళ్లడమో. పోస్టాఫీసుకు వెళ్తే అవతలి ఊళ్లో నగదు లేక రేపు రమ్మనేవారు.

ఎం-పెసా వచ్చాక కొడుకు ఏజెంటు దగ్గరకెళ్లి గుర్తింపు కార్డు చూపించి నోట్లు ఇస్తాడు. కౌంటరు అవతల అమ్మాయి తన ఫోన్లోంచి అతని నంబరుకు అంత నిల్వ బదిలీ చేస్తుంది. ఇద్దరికీ ఎస్సెమ్మెస్ వస్తుంది. ఆమె ఒక పెద్ద పుస్తకంలో తేదీ, లావాదేవీ కోడు, పేరు, కార్డు నంబరు, ఫోన్ నంబరు, మొత్తం రాసి సంతకం పెట్టిస్తుంది. మొబైల్ విప్లవం అని మనం అనుకునే దాంట్లో సగం ఆ కాగితం పుస్తకమే. గొడవ వస్తే కంపెనీ మనుషులు మొదట అడిగేది అదే. కొడుకు మెనూలోకి వెళ్లి అమ్మ నంబరు, మొత్తం, పిన్ కొట్టి పంపిస్తాడు. ఊళ్లో అమ్మ తన ఏజెంటు నంబరు, మొత్తం, పిన్ కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టి నోట్లు లెక్కపెట్టుకుంటుంది.

ఛార్జీలు పెట్టిన తీరులో ఎంత తెలివి ఉందో చూడండి. మొదట్లో డిపాజిట్ ఉచితం. నమోదైన మనిషికి పంపితే మొత్తం ఎంతైనా 30 షిల్లింగులు. నమోదు కాని మనిషికి పంపితే 75 నుంచి మొదలై పెద్ద మొత్తాలకు 400 దాకా. కాబట్టి పంపే కొడుకే ఊరికి ఫోను చేసి "అమ్మా, వెళ్లి నమోదు చేయించుకో, నాకు ఛార్జీ తగ్గుతుంది" అని పోరు పెట్టేవాడు. ప్రచారం ఖర్చు కంపెనీకి సగం తప్పింది. మొదటి ఏడాది ముగిసేసరికే పది లక్షల మంది చేరారు.

ఈ సేవ అసలు దీనికోసం పుట్టలేదు. 2005లో బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ నిధుల సాయంతో, సఫారీకామ్‌లో వాటా ఉన్న వొడాఫోన్ చేసిన ప్రయోగం సూక్ష్మరుణాల వాయిదాలు ఫోన్లో కట్టించడానికి. జనం దాన్ని వేరే పనులకు వాడుకున్నారు. ఒకరికొకరు పంపుకున్నారు, ప్రయాణానికి ముందు డబ్బు ఫోన్లో వేసుకుని దిగాక తీసుకున్నారు. అది గమనించి వాయిదాల సంగతి పక్కనపెట్టి "డబ్బు ఇంటికి పంపండి" అన్న ఒక్క మాట మీద సేవను మార్కెట్లోకి దించారు. ఇన్ని ప్రాజెక్టు నివేదికల మధ్య వాడేవాళ్లను చూసి మనసు మార్చుకున్న అరుదైన సందర్భం ఇది.

ఫ్లోటు లెక్క

ఇక అసలు విషయం. ఏజెంటు దగ్గర రెండు నిల్వలుంటాయి: గల్లాలో నగదు, ఫోన్లో ఇ-ఫ్లోటు. ఒకటి పెరిగితే రెండోది అంతే తగ్గుతుంది, కలిపిన మొత్తం మారదు. ఒక కొట్టు పొద్దున 60,000 నగదుతో, 40,000 ఫ్లోటుతో తెరిచిందనుకోండి. ఎనిమిది మంది వచ్చి తలా 5,000 డిపాజిట్ చేశారు. గల్లాలో ఇప్పుడు 1,00,000 ఉంది, ఫోన్లో సున్నా. తొమ్మిదో మనిషి డిపాజిట్‌కు వస్తే వెనక్కి పంపాల్సిందే. గల్లా నిండుగా ఉండి దుకాణం మూతపడటమంటే ఇదే.

పల్లెలో దీనికి తలకిందులు. నగరం నుంచి వచ్చిన డబ్బు తీసుకోవడానికే అక్కడ ఎక్కువ మంది వస్తారు. నెల మొదటివారం, బళ్లు తెరిచే వారం, సంత రోజు మధ్యాహ్నానికల్లా గల్లా ఖాళీ. ఫోన్లో ఎంత ఫ్లోటున్నా లాభం లేదు. అప్పుడు ఏజెంటు కొట్టు మూసి, బస్సెక్కి, పట్నంలో బ్యాంకుకెళ్లి, ఫ్లోటు ఇచ్చి నోట్లు తెచ్చుకోవాలి. బస్సు ఛార్జీ, సగం రోజు బేరం, సంచీలో నోట్లతో తిరుగు ప్రయాణం. దోపిడీలు జరిగేది ఎక్కువగా ఈ దారిలోనే. కమీషనేమో ఒక్కో లావాదేవీకి కొద్ది షిల్లింగులు. వారంలో మూడుసార్లు బ్యాంకుకు తిరగాల్సి వస్తే ఆ కమీషన్ దారిఖర్చుకే పోతుంది.

సఫారీకామ్ గొప్పతనం ఈ బోరు కొట్టే సమస్యను సీరియస్‌గా తీసుకోవడం. మొదట్లో ఏజెన్సీ ఎవరికి పడితే వాళ్లకివ్వలేదు. ఒకటికి మించి కొట్లున్న నమోదైన కంపెనీలకే ఇచ్చింది. నగరంలో ఉన్న కొట్టులో నగదు పోగుపడుతుంది, పల్లె కొట్టులో ఫ్లోటు పోగుపడుతుంది, యజమాని ఒకడే కాబట్టి సర్దుకుంటాడు. తర్వాత బ్యాంకు శాఖలనే సూపర్ ఏజెంట్లుగా, అంటే మిగతా ఏజెంట్లకు నగదు, ఫ్లోటు సర్దేవాళ్లుగా చేర్చుకుంది. ఖాతాదారులు ఎంత పెరుగుతున్నారో చూసుకుంటూ కొట్లను పెంచింది. కొట్లు తక్కువైతే క్యూలు. మరీ ఎక్కువైతే ఒక్కో కొట్టుకు బేరం పలచబడి, కమీషన్ చాలక, ఏజెంటు ఫ్లోటులో పెట్టిన పెట్టుబడిని సబ్బులూ బిస్కట్లలోకి మళ్లిస్తాడు. బోర్డు ఉంటుంది, డబ్బు ఉండదు. మన దగ్గర బోర్డులు మిగిలి డబ్బు లేని కేంద్రాలు చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. 2010 నాటికి కెన్యాలో ఎం-పెసా ఏజెంట్లు 16,000 దాటారు, దేశం మొత్తమ్మీద బ్యాంకు శాఖలు వెయ్యి పైచిలుకు.

ఏజెంట్లంతా ధర్మరాజులని కాదు. కమీషన్ శ్లాబుల ప్రకారం ఉంటుంది, మొత్తం రెట్టింపైనా కమీషన్ రెట్టింపు కాదు. అందుకని 5,000 డిపాజిట్‌ను రెండు ముక్కలు చేద్దామనేవాళ్లు. డిపాజిట్ ఉచితం కాబట్టి పంపే ఛార్జీ ఎగ్గొట్టడానికి నేరుగా అవతలి మనిషి నంబరులోనే డిపాజిట్ చేయించే పద్ధతి ఇంకోటి. కంపెనీ ఆదాయానికి అది చిల్లు. నకిలీ ఎస్సెమ్మెస్ చూపించి నగదు పట్టుకుపోవడం పాత మోసం. ఫోన్‌కు వచ్చిన సందేశం నమ్మకుండా ఖాతా నిల్వ చూసుకునే ఏజెంటే దాన్నుంచి బయటపడతాడు. నంబరులో ఒక అంకె తప్పు కొట్టి పరాయివాళ్లకు పంపడం ఎంత మామూలైందంటే, 2015లో అవతలి మనిషి పేరు చూపించి, రద్దు చేయడానికి కొన్ని సెకన్లు ఇచ్చే హకికిషా అనే సౌకర్యం పెట్టారు. అది ఎనిమిదేళ్లు ఆలస్యంగా ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థంకాదు.

మన ఊళ్లో అదే కాలంలో

దాదాపు అదే సమయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, సామాజిక పింఛన్లు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలైంది. ఊరికొక ప్రతినిధి, వీలైతే పదో తరగతి చదివిన స్థానిక మహిళ. చేతిలో వేలిముద్ర యంత్రం. దీని మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన పెద్ద అధ్యయనంలో డబ్బు త్వరగా అందిందని, మధ్యలో కారేది తగ్గిందని తేలింది. చాలామంది ఆ ఫలితాన్ని బయోమెట్రిక్ ఖాతాలో వేస్తారు. డబ్బిచ్చే మనిషి ఊళ్లోకి రావడం కూడా అంతే ముఖ్యమని నేనంటాను.

ఒక తేడా మాత్రం ఉంది. మన పద్ధతిలో డబ్బు ఒకే దిక్కున నడిచింది: ప్రభుత్వం నుంచి ఊరికి. వేసేవాళ్లు లేరు, తీసుకునేవాళ్లే. కాబట్టి ప్రతి చెల్లింపుకూ నగదు మూటగట్టి బయటి నుంచి తేవాల్సిందే. కెన్యా కొట్టులో ఉదయం ఒకరు వేసిన నోట్లు సాయంత్రం ఇంకొకరికి వెళ్తాయి. రెండు వైపులా పారకం ఉన్నచోట ఏజెంటు బతుకుతాడు. ఒక వైపే ఉన్నచోట ఎవరో ఒకరు సబ్సిడీ ఇస్తూ ఉండాలి.

వొడాఫోన్ ఇదే ఎం-పెసాను 2013లో భారతదేశానికి తెచ్చి 2019లో మూసేసింది. అప్పటికి జన్‌ధన్ ఖాతాలు, ఆధార్ చెల్లింపులు, యూపీఐ వచ్చేశాయి. ఖాతా బ్యాంకులోనే ఉన్నప్పుడు మధ్యలో ఇంకో పర్సు ఎందుకని జనం అనుకోవడంలో వింతేమీ లేదు.

అయితే గుత్తాధిపత్యం సంగతి?

నా వాదానికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. కొట్టూ లేదు గల్లా లేదు, సఫారీకామ్‌కు మార్కెట్లో తిరుగులేని వాటా ఉంది కాబట్టే నడిచింది అంటారు కొందరు. ఏజెంట్లు వేరే కంపెనీకి పనిచేయకూడదన్న షరతు 2014లో పోటీ నియంత్రణ సంస్థ జోక్యం చేసుకునేదాకా సాగింది. ఎయిర్‌టెల్ ఖాతాకు నేరుగా డబ్బు పంపడం 2018కి గానీ కుదరలేదు. దీనికి తోడు అదృష్టం: 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత అల్లర్లలో బ్యాంకులు మూతపడి, రోడ్లు బందై, జనం ఇళ్లల్లో చిక్కుకున్నప్పుడు బంధువులకు డబ్బు, టాకుటైము పంపడానికి ఫోనే దిక్కయింది. నియంత్రణ కూడా కలిసొచ్చింది. కేంద్ర బ్యాంకు చట్టం వచ్చేదాకా ఆగమనకుండా, జనం డబ్బంతా బ్యాంకులో ట్రస్టు ఖాతాలో ఉండాలన్న షరతుతో అభ్యంతరం లేదని ఉత్తరం ఇచ్చింది. అసలు చట్టం 2011లో వచ్చింది.

ఈ వాదంలో నిజం ఉంది. కానీ పొరుగునే టాంజానియా చూడండి. అక్కడ ఏ ఒక్క కంపెనీదీ అంత పెత్తనం కాదు, 2014 నుంచే ఒక కంపెనీ ఖాతాలోంచి ఇంకో కంపెనీ ఖాతాకు పంపుకునే ఏర్పాట్లు చేసుకున్నారు, అయినా మొబైల్ డబ్బు బ్రహ్మాండంగా నడిచింది. దక్షిణాఫ్రికాలో వొడాకామ్ పెద్ద కంపెనీ, వెనక నెడ్‌బ్యాంక్ ఉంది, మూడేళ్లలో కోటి మంది అన్న లక్ష్యంతో 2010లో ఎం-పెసా పెట్టారు. 2016 జూన్‌లో మూసేశారు. అక్కడ ఏటీఎంలు ఉన్నాయి, సూపర్‌మార్కెట్ కౌంటర్లే డబ్బు పంపిస్తాయి, కొత్త కొట్టు అవసరం ఎవరికీ కనిపించలేదు.

నాకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం నైజీరియా. 2009 నిబంధనల్లో అక్కడి కేంద్ర బ్యాంకు టెలికాం కంపెనీలను మొబైల్ డబ్బుకు నాయకత్వం వహించనివ్వలేదు. ఏళ్ల తరబడి ఏమీ కదల్లేదు. తర్వాత ఒపే, మనీపాయింట్ లాంటి కంపెనీలు వీధి మూలల్లో గొడుగు, చిన్న బల్ల, కార్డు గీకే పీఓఎస్ యంత్రంతో ఏజెంట్లను కూర్చోబెట్టాయి. టెలికాం గుత్తాధిపత్యం లేకుండానే ఆ ఏజెంట్ల వల దేశమంతా అల్లుకుంది. ఇక 2023 మొదట్లో ప్రభుత్వం పాత నైరా నోట్లు మార్చి కొత్తవి చాలినన్ని ఇవ్వనప్పుడు ఏం జరిగింది? యంత్రాలన్నీ బాగానే ఉన్నాయి. నోట్లు లేవు. నగదు దొరికిన కొద్దిమంది ఏజెంట్లు మామూలుకు ఎన్నో రెట్లు ఛార్జీ గుంజారు. నోట్ల రద్దు నాటి మన క్యూలు గుర్తున్నవాళ్లకు ఆ దృశ్యం కొత్తేమీ కాదు.

లాభం ఎంత, అప్పు ఎంత

ప్రభావం గురించి అందరూ ఉటంకించే పరిశోధన తవ్‌నీత్ సూరి, విలియం జాక్‌లది. 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఎం-పెసా వల్ల 1,94,000 కుటుంబాలు, అంటే కెన్యా కుటుంబాల్లో 2 శాతం, పేదరికం నుంచి బయటపడ్డాయన్నది వాళ్ల అంచనా. అంతకు ముందు 2014 వ్యాసంలో జబ్బు, పంట నష్టం లాంటి దెబ్బ తగిలినప్పుడు ఎం-పెసా లేని ఇళ్లల్లో ఖర్చు 7 శాతం తగ్గిందని, ఉన్న ఇళ్లల్లో తగ్గలేదని చూపించారు. ఈ 2016 వ్యాసంలో జనాలు పట్టించుకోని ఒక సంగతి: వాళ్లు లెక్కలోకి తీసుకున్నది ఎవరి దగ్గర ఫోను ఉందని కాదు, ఇంటి చుట్టూ కిలోమీటరు లోపల ఏజెంట్లు ఎంత పెరిగారని.

మిల్‌ఫర్డ్ బేట్‌మన్, మారెన్ డువెన్‌డాక్, నికొలస్ లౌబీర్ 2019లో దీన్ని గట్టిగానే విమర్శించారు. కొత్తగా పెట్టిన చిన్న వ్యాపారాల్లో ఎన్ని మూతపడ్డాయి, పక్కవాళ్ల బేరం ఎంత లాగాయి, అప్పులు ఎంత పెరిగాయి అన్నవి లెక్కలో లేవన్నారు. 2 శాతం అన్న అంకెను ప్రసంగాల్లో మంత్రంలా వాడటం నాకూ నచ్చదు. కష్టకాలంలో చుట్టాల దగ్గర్నుంచి డబ్బు అందిందన్న మొదటి ఫలితాన్ని మాత్రం నమ్ముతాను, ఎందుకంటే అది ఎలా జరుగుతుందో కౌంటరు దగ్గరే కనిపిస్తుంది.

అప్పుల విషయంలో విమర్శకులు చెప్పింది చాలావరకు నిజమైంది. 2012 నవంబరులో ఎం-శ్వారి వచ్చింది. ఎం-పెసా మెనూలోనే పొదుపు, అప్పు. అప్పట్లో 30 రోజుల అప్పుకు 7.5 శాతం రుసుము. 1,000 తీసుకుంటే 1,075 కట్టాలి. నెలనెలా తిప్పుతూ పోతే ఏడాదికి 90 శాతం. దాన్ని వడ్డీ అనరు, సేవా రుసుము అంటారు. తర్వాత అప్పులిచ్చే యాప్‌ల వరద. కాంటాక్టు లిస్టు లాక్కుని బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడం, 2020లో హైదరాబాదులో పోలీసు కేసుల దాకా వెళ్లిన వ్యవహారమే, నైరోబిలో కూడా అచ్చం అలాగే నడిచింది. కెన్యా 2021 డిసెంబరులో చట్టం సవరించి, 2022లో నిబంధనలు తెచ్చి ఇలాంటి సంస్థలకు లైసెన్సు తప్పనిసరి చేసింది.

నా వాదం ఇక్కడ కూడా వర్తిస్తుంది. డబ్బు వేయాలన్నా తీయాలన్నా ఒక మనిషి ఎదురుగా ఉంటుంది, కార్డు చూస్తుంది, పుస్తకంలో రాయిస్తుంది, ఒక్కోసారి "ఇంత రాత్రప్పుడు ఇంత డబ్బెందుకు" అనీ అడుగుతుంది. అప్పు తీసుకోవడానికి ఆమె అక్కర్లేదు. రాత్రి రెండింటికి మంచం మీంచే నాలుగు మీటలు చాలు. ఏజెంటు ఉండటం వల్ల ఉన్న జాప్యాన్ని అందరూ లోపంగానే చూశారు, అది కాస్తో కూస్తో కాపలా కూడా అని తీసేశాక తెలిసింది.

2019 జనవరిలో వచ్చిన ఫులిజా ఇంకో అడుగు ముందుకేసింది. నిల్వ చాలకపోయినా చెల్లింపు జరిగిపోతుంది, తక్కువపడింది ఓవర్‌డ్రాఫ్ట్‌గా మారుతుంది. దానికో రుసుము, తీర్చేదాకా రోజువారీ రుసుము. ఆ ఖాతాలోకి తర్వాత ఏ డబ్బు వచ్చినా ముందు ఆ బాకీలోకి వెళ్తుంది. 2022లో ఛార్జీలు తగ్గించారు, వసూలు పద్ధతి మారలేదు. కొడుకు మందులకని 2,000 పంపాడు, అమ్మ ఫోన్లో అంతకుముందు 800 ఫులిజా బాకీ ఉందనుకోండి. ఆమె ఖాతాలో మిగిలేది 1,200. కౌంటరు దగ్గర గొడవ పడేది ఏజెంటుతోనే, ఆమె చేయగలిగింది సందేశం చదివి వినిపించడమే. 2022 నిబంధనలు దీనికి వర్తించవు. అవి బ్యాంకులు కాని సంస్థలకు, ఫులిజాలో అప్పు ఇచ్చేవి బ్యాంకులు.